నలభైలో జపనీస్: నవ్వొచ్చిన మాటే గుర్తుంటోంది, దీన్ని పద్ధతిగా వాడుకోవడం ఎలా?

ప్రశ్న: నాగావళి గట్టు, శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో ఏడుగురం ఆదివారాలు కలిసి కూర్చుని జపనీస్ నేర్చుకుంటున్నాం. వయసులు 33 నుంచి 52 దాకా. ముగ్గురు నర్సింగ్ చదివినవాళ్ళు, ఇద్దరు వెల్డర్లు, మిగతా ఇద్దరం భాష మీద ఇష్టంతో వచ్చినవాళ్ళం. హిరగన (జపాను మాటలు రాసే అక్షరాలు) వచ్చేసింది, కతకన (బయటి భాషల మాటలు రాసే అక్షరాలు) సగంలో ఉంది. డిసెంబరులో జేఎల్‌పీటీ ఎన్‌5 (జపనీస్ భాషా పరీక్షలో మొదటి మెట్టు) రాద్దామని ఉంది.

పుస్తకంలో పదిసార్లు చదివిన మాట బుధవారానికి ఎగిరిపోతోంది. ఎవరి నోట్లోనైనా మెలిక పడి అందరం పడిపడి నవ్విన మాట మాత్రం ఎవరికీ పోవడం లేదు. అంచేత నవ్వునే పట్టుకుని నేర్చుకుందాం అనుకుంటున్నాం. తెలుగు నోరు ఎక్కడెక్కడ జారుతుంది, ఎందుకు జారుతుంది? తెలుగు చెవికి తమాషాగా తగిలే మాటలు ఏవి? గంటన్నర క్లాసులో పాఠం పక్కకి పోకుండా ఈ సరదాని ఎలా ఇమడ్చాలి? చిన్నపిల్లల ఆటలు వద్దు, పెద్దవాళ్ళకి పనికొచ్చేవి చెప్పండి.

జవాబు 1: గంటస్తంభం, విజయనగరం

ముందు ఒక పని చెయ్యండి. జపాను మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడం ఈరోజుతో ఆపండి. మీ తడబాట్లలో చాలావాటికి అదే మూలం. పిన్ని వయసావిడ ‘ఒబసన్’, మామ్మ ‘ఒబాసన్’. ఇంగ్లీషులో రాస్తే ఒక అక్షరం ఎక్కువ కనిపిస్తుంది, కన్ను దాన్ని దాటేస్తుంది. తెలుగులో రాస్తే దీర్ఘం కొట్టొచ్చినట్టు ఉంటుంది. నలభై ఏళ్ళావిడని పట్టుకుని ‘మామ్మగారూ’ అని పిలిచే ప్రమాదం ఆ ఒక్క దీర్ఘంలోనే ఉంది. ‘ఒజిసన్’ బాబాయి వరస, ‘ఒజీసన్’ తాతయ్య.

మన దగ్గర ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. హిందీవాళ్ళకి ఈ వెసులుబాటు లేదు. ‘కల’కీ ‘కల్ల’కీ తేడా పుట్టుకతో తెలిసిన నోరు మనది కాబట్టి ‘ఒతొ’ అంటే చప్పుడు, ‘ఒత్తొ’ అంటే భర్త అని చెబితే ఇబ్బంది పడదు. ‘కితె’ అంటే వచ్చి, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ళ.

ఇంకో గొప్ప సదుపాయం ఉంది, దీన్ని ఎవరూ వాడుకోరు. జపాను మాటని వాళ్ళు దెబ్బల్లో లెక్కపెడతారు. బడిలో మనం నేర్చుకున్న లఘువు, గురువు లెక్క దానికి దాదాపు అతికినట్టు సరిపోతుంది. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. ఒ-బ-సన్ నాలుగు మాత్రలు, ఒ-బా-సన్ అయిదు. కిత్తె మూడు. వాళ్ళ హైకూలో 5, 7, 5 అని లెక్కపెట్టేవి కూడా ఈ దెబ్బలే. బల్ల మీద చేత్తో తాళం వేస్తూ పలకండి, దీర్ఘం తప్పితే తాళం తప్పుతుంది, పక్కవాళ్ళు చెప్పనక్కర్లేదు.

ఈ లెక్క ఒకచోట తప్పుతుంది. మనకి ఒత్తు ఉన్న అక్షరం ముందుది గురువైపోతుంది, వాళ్ళకి క్య, బ్య, ర్య లాంటివి ముందు అక్షరాన్ని బరువెక్కించవు. ‘ఒక్యకు’ అంటే వచ్చిన అతిథి లేదా కొనుగోలుదారు: మూడే మాత్రలు. మనం ‘వాక్యం’ పలికే అలవాటులో ‘ఒక్క్యకు’ అని నొక్కేస్తాం, నాలుగైపోతాయి.

మీ నర్సులకి పనికొచ్చే జత: ‘బ్యోఇన్’ ఆసుపత్రి, ‘బియోఇన్’ బ్యూటీ పార్లరు. మొదటిది నాలుగు దెబ్బలు, రెండోది అయిదు. ‘బ్యో’ని విడదీసి ‘బియో’ అన్నారంటే జబ్బు మనిషిని జుట్టు కత్తిరించడానికి పంపినట్టే.

మిగతా జతలు, మీ ఆదివారానికి:

నింజిన్ క్యారెట్, నింగెన్ మనిషి. ‘నింజిన్ గ స్కి దెస్’ అంటే క్యారెట్ ఇష్టం. ఒక్క అక్షరం మారితే నరమాంసం.

కవఈ ముద్దుగా ఉంది, కొవఇ భయంగా ఉంది. పక్కింటి పాపని చూసి అనాల్సింది మొదటిది.

సువత్తెమొ ఈ దెస్ క? కూర్చోవచ్చా? సవత్తెమొ ఈ దెస్ క? ముట్టుకోవచ్చా? ఈ జతని తాళంతో పట్టుకోలేరు, రెండూ ఒకే పొడుగు. అచ్చు ఒక్కటే తేడా. నూరుసార్లైనా పలికి నోటికి పట్టించాల్సిన జత ఇదే, ఎందుకంటే నవ్వుతో పోయే తప్పు కాదు.

పైన సున్నతో రాశానని గమనించారా? వాళ్ళ ‘న్’ అచ్చం మన సున్నే. ‘పంపు’లో మ్‌గా, ‘పంకా’లో ఙ్‌గా ఎలా మారుతుందో అలాగే మారుతుంది. వార్తాపత్రిక ‘శింబున్’, బ్యాంకు ‘గింకో’. మాట చివర మాత్రం సున్న రాయకండి, మనవాళ్ళం ‘మ్’ చదివేస్తాం. అక్కడ ‘న్’ రాసుకోండి.

జవాబు 2: పొందూరు దారం

గంటస్తంభం గారు చెప్పనిది ఒకటి, మన వైపువాళ్ళకి ప్రత్యేకం. సునామీ అని మనం అనేది అసలు ‘త్సునామి’. ఆ ‘త్సు’ ఇంగ్లీషువాళ్ళకి కష్టం, తెలుగులో మాత్రం ఉన్నదే: ‘చుక్క, చుట్టం, చాప’లో పలికే దంత్య చకారం. అయితే ఇంట్లో ‘సుక్క, సుట్టం, సాప’ అనే అలవాటుంటే నోరు ‘సు’ మీదకే జారుతుంది. ‘త్సుకి’ చంద్రుడు, ‘స్కి’ ఇష్టం. ‘చుక్క, చుట్టం, చాప, చలి’ అని నాలుగుసార్లు దంత్యంగా అని, అదే ఊపులో ‘త్సుకి’ అనండి. కుదురుతుంది.

వాక్యం చివర వచ్చే ‘దెసు’, ‘మసు’లో ఉకారం దాదాపు మింగెయ్యాలి: దెస్, మస్. మనది అజంత భాష కాబట్టి చివరి అచ్చుని నిండుగా పలుకుతాం, అర్థం మారదు గాని చిన్నపిల్లల మాటలా వినిపిస్తుంది. ‘ఫు’ని పళ్ళు పెదవికి ఆనించి పలక్కండి, వేడి టీని ఊదినట్టు రెండు పెదాలతోనే.

జవాబు 3: కళింగపట్నం దీపం

మీ రెండో ప్రశ్నకి చుట్టరికాల దగ్గర బోలెడంత సరుకు ఉంది.

వాళ్ళ భాషలో మా అమ్మ ‘హహ’. మా నాన్న ‘చిచి’. తెలుగు చెవికి ఒకటి నవ్వు, రెండోది ఛీత్కారం. అన్న ‘అని’, అక్క ‘అనె’, తమ్ముడు ‘ఒతోతొ’, చెల్లి ‘ఇమోతొ’. ఇంగ్లీషులో అన్నా తమ్ముడూ ఒకటే మాటయిపోతే, జపనీస్‌లో మనలాగే పెద్దాచిన్నా వేరుగా ఉంటారు. మాతృదినోత్సవం ‘హహ నొ హి’. ఒక్కసారి వింటే చాలు.

అసలు మెలిక ఇక్కడుంది. ఈ హహ, చిచి, అని, అనె అన్నవి మన ఇంటివాళ్ళ గురించి బయటివాళ్ళతో చెప్పేటప్పుడే. ఎదుటివారి అమ్మ ‘ఒకాసన్’, నాన్న ‘ఒతోసన్’, అన్న ‘ఒనీసన్’, అక్క ‘ఒనేసన్’. మన ఇంట్లో మన అమ్మని పిలిచేటప్పుడూ ‘ఒకాసన్’ అనే పిలుస్తాం. ఆ చివరి ‘సన్’ మన ‘గారు’తో సమానం.

తెలుగు మర్యాద ఇక్కడ మనల్ని పక్కదారి పట్టిస్తుంది. ‘మా నాన్నగారు రైతండి’ అనడం మనకి సంస్కారం. వాళ్ళ దగ్గర బయటివారి ముందు సొంత మనిషిని తగ్గించి చెప్పడమే సంస్కారం. అంచేత ‘చిచి వ నోక దెస్’ అనాలి. అక్కడ ‘ఒతోసన్’ అంటే పెద్ద మనిషి నోట్లో పసిమాటలా ఉంటుంది. ఎదుటివారిని అడిగితే మాత్రం ‘ఒతోసన్ వ ఒగెంకి దెస్ క?’ (మీ నాన్నగారు బాగున్నారా?). ఇక సొంత పేరుకి ‘సన్’ తగిలించడం అంటే ‘నేను ఫలానా గారిని’ అని చెప్పుకున్నట్టే.

‘మీరు’కి పుస్తకంలో ‘అనత’ అని ఉంటుంది. గురువుగారితో అనకండి. మనం మాస్టారిని ‘మీరు’ అనేకంటే ‘మాస్టారు ఏమన్నారు’ అన్నట్టు అడుగుతామే, అలా ‘సెన్‌సే’ అని పదవితోనే పిలవాలి. తోటివాళ్ళయితే పేరు, సన్.

ఇంకొకటి, వింటున్నప్పుడు ఊఁ కొట్టడం. కథ చెబుతుంటే మన పల్లెటూళ్ళలో ఎదుటివాడు ఊఁ కొట్టకపోతే చెప్పేవాడు ఆగిపోతాడు కదా. వాళ్ళకీ అంతే, దాన్ని ‘అయిజుచి’ అంటారు. స్నేహితులతో ‘ఉన్’, పెద్దవారితో ‘హై’. కాకపోతే ఈ ‘హై’ అంటే వింటున్నాను అని, ఒప్పుకున్నాను అని కాదు. జీతం మాట్లాడేటప్పుడు ఇది గుర్తుండాలి.

నాగావళి గట్టు:

హహ, చిచి దెబ్బకి వాట్సాప్‌లో పెట్టగానే ఏడుగురికీ వచ్చేసింది! ఒక సందేహం. కతకన దగ్గర వెల్డర్లు ఇద్దరూ మొరాయిస్తున్నారు. ఇంగ్లీషు మాటలే కదా అంటే, ఆ రూపంలో ఏ మాటో పోల్చుకోలేకపోతున్నాం అంటున్నారు.

జవాబు 4: వీణ తీగ, బొబ్బిలి

ఇంగ్లీషు మాట నుంచి మొదలుపెడితే పోల్చుకోలేరు. దాన్ని మన బజారు తెలుగులోకి దించి అక్కడి నుంచి మొదలుపెట్టాలి. మనం హల్లు దగ్గర ఆగలేక బస్సు, పైపు, కప్పు, బెంచీ అంటాం. వాళ్ళూ ఆగలేరు. వాళ్ళ మాటలు: బసు, పైపు, కప్పు, బెంచి. మూడు పాళ్ళు పని అయిపోయినట్టే!

సూత్రం ఇదీ. హల్లు చివర ఉకారం పెట్టండి. ట, డ అయితే ఉ బదులు ఒ: బెడ్డు ‘బెద్దొ’. చ, జ అయితే ఇ: బెంచి. ల ఉన్నచోట ర: గ్లాసు ‘గురసు’, బోల్టు ‘బొరుతొ’, బెల్టు ‘బెరుతొ’. మన ర నాలుక ఒక్కసారి తట్టి వచ్చేదే, వాళ్ళదీ అదే, మార్చనక్కర్లేదు.

వెల్డర్లకి ఒక జత ఇస్తాను, జన్మలో మరిచిపోరు. నట్టు ‘నత్తొ’, మూడు మాత్రలు. ‘నత్తో’ అని సాగదీస్తే నాలుగు మాత్రలు, అది పులియబెట్టిన సోయా గింజల వంటకం, జిగురుగా తీగలు సాగుతుంది. వర్క్‌షాపులో ‘నత్తో ఇవ్వండి’ అంటే టిఫిను డబ్బా వైపు చూస్తారు. స్పానరు ‘సుపన’, సుత్తి ‘హంమా’. వెల్డింగు మాత్రం కతకన కాదు, వాళ్ళ సొంత మాట: ‘యోసెత్సు’.

వేషం ఇంగ్లీషే అయినా అర్థం వేరుగా ఉండే మాటలు ఇంకో అట్ట మీద రాసుకోండి. ‘కొంసెంతొ’ అంటే అంగీకారం కాదు, గోడకి ఉండే ప్లగ్ సాకెట్. ‘హందొరు’ కారు స్టీరింగు. ‘మంషొన్’ అపార్టుమెంటు, మేడ ఊహించుకుని వెళితే రెండు గదుల ఫ్లాటు ఉంటుంది. ‘బైకింగు’ బఫే భోజనం. ‘కన్నింగు’ పరీక్షలో కాపీ కొట్టడం. ‘పన్’ రొట్టె, అది పోర్చుగీసు నుంచి వచ్చింది.

సొంత ఊరు రాయించండి, అందరికీ హుషారు వస్తుంది. చివరి ‘మ్’ నిలవదు కాబట్టి ‘ము’ అవుతుంది. శ్రీకాకుళం వాళ్ళ అక్షరాల్లో ‘షురీకాకురము’, విజయనగరం చివరా ‘ము’యే. గ్రాంథికంలో శ్రీకాకుళము, విజయనగరము అని రాసిన పాత కాగితాలు గుర్తొస్తాయి. పలాస వాళ్ళుంటే ‘పరాస నొ కషూనత్త్సు వ యూమే దెస్’, పలాస జీడిపప్పు ప్రసిద్ధం. మన గురించి చెప్పుకునే వాక్యం పుస్తకంలో తనక గారి వాక్యం కంటే గట్టిగా నిలుస్తుంది.

జవాబు 5: మూడు లాంతర్లు

నర్సింగ్ వాళ్ళకి నా వంతు. జపనీస్‌లో నొప్పిని జంట మాటల్లో చెబుతారు. మనకి గబగబ, దడదడ, నకనక లాంటివి లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి ఇది మన సొంత పొలంలో నడిచినట్టే.

‘దొకొ గ ఇతై దెస్ క?’ ఎక్కడ నొప్పి? తరవాత వచ్చే జవాబులు: ‘జుకిజుకి’ అంటే పుండు సలుపుతున్నట్టు ఆగి ఆగి పోటు. ‘చికుచికు’ ముల్లు గుచ్చినట్టు. ‘హిరిహిరి’ చర్మం మంట. ‘కిరికిరి’ కడుపులో మెలిపెట్టే నొప్పి. ‘గంగన్’ తల బాదేస్తున్నట్టు. ‘ముకముక’ వికారం. పెద్దవయసు రోగులు వైద్యం మాటలు వాడరు, ఇవే వాడతారు. ఒక్కోదానికి ముఖం, చెయ్యి కలిపి చేసి చూపించండి, పక్కవాళ్ళు తెలుగులో పేరు పెట్టాలి. ‘కిరికిరి’ మన పేచీ కాదని ఒకసారి నవ్వుకుంటే చాలు.

సరదావి: గిరగిరా తిరగడం ‘గురుగురు’. గుండె దడదడ ‘దొకిదొకి’. ఆకలితో కడుపు నకనక అంటే ‘ఒనక గ పెకొపెకొ’. గడగడా భాష మాట్లాడితే ‘పెరపెర’. కోడి అక్కడ ‘కొకెకొక్కో’ అంటుంది, మన కొక్కొరోకోకి పక్కింటి కోడే. కాకి ‘కా కా’. కప్ప దగ్గర మాత్రం దారులు విడిపోతాయి: మనది బెకబెక, వాళ్ళది ‘కెరొకెరొ’.

వ్యాకరణం కూడా కలిసొస్తుంది. మనం ‘దడదడమని’ అంటాం, ‘వస్తానని’ అంటాం, రెండుచోట్లా ‘అని’. వాళ్ళు రెండుచోట్లా ‘తొ’ పెడతారు. ‘తిని చూడండి’ మాటకి మాట ‘తబెతె మితె కుదసై’; తినడం పక్కన చూడడం వాళ్ళకీ ఉంది. కూర, కాయలు కలిస్తే ‘కూరగాయలు’, అన్న, తమ్ముడు కలిస్తే ‘అన్నదమ్ములు’ అయినట్టు, వాళ్ళకి తె (చెయ్యి), కమి (కాగితం) కలిస్తే ‘తెగమి’, ఉత్తరం. ఒరిగమిలో కమి గమి అయిందీ ఇందుకే.

ఒక ఉచ్చు చూసుకోండి. వాళ్ళ విభక్తుల్లో ‘ని’ ఉంది, అది మన ‘ని’ కాదు, మన ‘కి’. ‘పుస్తకాన్ని చదువుతాను’లో మన ‘ని’ చూసి ‘హొన్ ని యొమిమస్’ అనేస్తే తప్పు. ‘హొన్ ఒ యొమిమస్’. ఊరికి వెళ్ళడానికే ‘ని’.

గంటస్తంభం గారి మాటకి చిన్న సవరణ: తెలుగు లిపి మూడు వారాలు దాటనివ్వకండి. ఆ తరవాత అది చేతికర్ర అయిపోతుంది, హిరగన చదివే వేగం పెరగదు. ‘సెన్‌సే’ అని మనం రాసేది హిరగనలో ‘సె, న్, సె, ఇ’, ‘గక్కో’ (బడి) చివర ‘ఉ’ ఉంటుంది. కంటికి ఆ రూపం అలవాటవ్వాలి.

గంటస్తంభం:

ఒప్పుకుంటాను. హిరగన వచ్చేసింది కాబట్టి మీకు రెండు వారాలు చాలు.

జవాబు 6: అరసవిల్లి బాట

అంకెల ఆట ఒకటి పెట్టుకోండి. వాళ్ళు అంకెల్ని మాటలుగా చదువుతారు, అక్షరాలతో అంకెలు చెప్పే మన కటపయాది లాగ. 39 అంటే ‘సన్ క్యూ’, ఇంగ్లీషు థాంక్యూ. 4649 అంటే ‘యొ-రొ-శి-కు’, పరిచయమప్పుడు చివర అనే మాట. 4కి ‘శి’ అనే పేరూ ఉంది, అది చావుకి కూడా మాట, కాబట్టి మామూలుగా ‘యొన్’ అంటారు. ఆసుపత్రి గదుల దగ్గర ఇది గుర్తుంచుకోండి.

నవ్వు కాని విషయం: వాళ్ళ పెద్ద లెక్క లక్ష కాదు, పదివేలు, దాని పేరు ‘మన్’. లక్ష అంటే జూ మన్, కోటి అంటే ఇస్సెన్‌మన్. రెండు లక్షల యెన్ ‘నిజూ మన్ ఎన్’. తొందరలో ‘ని మన్’ అన్నారంటే ఇరవై వేలకి ఒప్పుకున్నట్టు. ప్రతి ఆదివారం ఓ పది జీతాలు, పది అద్దెలు తిప్పి చెప్పించండి.

జవాబు 7: గంటస్తంభం

మూడో ప్రశ్న మిగిలిపోయింది, గంటన్నర ఎలా నడపాలని.

మొదటి 15 నిమిషాలు పోయిన వారం తప్పులు. 25 నిమిషాలు జతల డిక్టేషను: ఒకరు పది మాటలు చదువుతారు, ప్రతిదీ ఒక జతలో ఏదో ఒకటి. మిగతావాళ్ళు ఏది విన్నారో రాయాలి. పదికి ఎనిమిది రాకపోతే ఆ జత వచ్చే వారానికి ఉంటుంది. చదివేవాళ్ళని మారుస్తూ ఉండండి, లేకపోతే ఒక్క గొంతుకే చెవి అలవాటు పడుతుంది. ఫోనులో జపాను వాళ్ళ గొంతు కూడా కలపాలి. ఎన్‌5లో మొత్తం 180కి 80 వచ్చినా చాలదు, వినికిడి భాగంలో 60కి కనీసం 19, మిగతా భాగంలో 120కి 38 విడిగా రావాలి. 30 నిమిషాలు పాఠం, అది తగ్గించకండి. మిగిలిన 20 నిమిషాలు జంటలుగా మాట్లాడుకోవడం.

తప్పుల నోటుబుక్కు ఒక్కటే ఉండాలి, ఏడుగురిదీ కలిపి. ఎడమవైపు అనబోయింది, కుడివైపు అన్నది, కింద ఎందుకు జారిందో ఒక్క ముక్క: దీర్ఘం, ద్విత్వం, సున్న, చ-స, విభక్తి. పేరు రాయకండి. మర్నాడు, మూడో రోజు, వారానికి, రెండు వారాలకి తిప్పి చూడాలి. కారణం రాయని తప్పు మళ్ళీ వస్తుంది, కారణం తెలిస్తే అదే రకం మాటలు పది సర్దుకుంటాయి.

మీ జిల్లా మనిషే ఈ దారి ఎప్పుడో చూపించారు. 1863లో పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, నేర్చుకుందామంటే పుస్తకమే లేని సవర భాషని సవరలనే ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. విన్నది విన్నట్టు రాసుకున్నారు. తరవాత వ్యాకరణం, నిఘంటువు కూడా తయారుచేశారు. పెద్దయ్యాక భాష అబ్బదనే మాట మన గడ్డ మీద చెల్లదు.

నాగావళి గట్టు:

ఎంతో మేలు చేశారు అందరూ. ఒక్కటే మిగిలింది. 52 ఏళ్ళావిడ ఉన్నారు, నవ్వితే చిన్నబుచ్చుకుంటారేమోనని అందరికీ బెరుకు.

జవాబు 8: కళింగపట్నం దీపం

నవ్వు మనిషి మీద కాకుండా జత మీద పడేలా చూడండి. తప్పు దొర్లిన వెంటనే గది మొత్తం రెండు మాటల్నీ తాళం వేస్తూ మూడేసి సార్లు అనాలి, ఆవిడ ఒక్కరే కాదు. తరవాత ఆ జతని నోటుబుక్కులో ఎక్కించే పని ఆవిడకే ఇవ్వండి, వచ్చే వారం డిక్టేషనులో ఆ జత చదివేది కూడా ఆవిడే. మొదటి ఆదివారం ‘హహ, చిచి’తో మొదలుపెట్టండి, అక్కడ నవ్వు తెప్పించేది భాషే, ఎవరి తప్పూ ఉండదు. సువత్తె, సవత్తె (కూర్చోవచ్చా, ముట్టుకోవచ్చా) జత మూడో వారానికి ఉంచండి.